లినక్స్ అప్‌గ్రేడ్ చేశాక సౌండ్ పోయిందా? ఈ వరుసలో చూసుకుంటూ రండి

ఉబుంటు 22.04 నుంచి 24.04కి వెళ్లాక సౌండ్ రావట్లేదు, మింట్ 21 నుంచి 22కి మారాక హెడ్‌ఫోన్స్‌లో వస్తోంది కానీ స్పీకర్‌లో రావట్లేదు, డెబియన్ 12కి వెళ్లగానే అసలు సౌండ్ కార్డే లేదంటోంది, ఇలా ఒకే ప్రశ్న రకరకాలుగా అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను ఉబుంటు 24.04ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, మింట్ 22కి కూడా దాదాపు ఇవే స్టెప్పులు, డెబియన్‌కి తేడా ఉన్నచోట అక్కడే చెప్తాను.

ముందుగా ఒక్క మాట. సౌండ్ రాకపోగానే నెట్‌లో కనిపించిన కమాండ్లన్నీ వరసగా పేస్ట్ చేసేయకండి. సౌండ్ మూడు మెట్లు దిగి మన చెవికి వస్తుంది. పైన యాప్, మధ్యలో పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్, కింద కెర్నల్‌లో (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఉండే అల్సా డ్రైవర్. ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు కనుక్కుంటే బాగుచేయడం చాలాసార్లు రెండు నిమిషాల పని, అది తెలుసుకోకుండా చెయ్యి పెడితే బాగున్న మెట్టు కూడా పాడవుతుంది.

అప్‌గ్రేడ్‌లోనే ఎందుకు పోతుందంటే, 22.04లో సౌండ్ సర్వర్ పల్స్ఆడియో. 22.10 నుంచి ఉబుంటు పైప్‌వైర్‌కి మారింది, 2024లో వచ్చిన మింట్ 22 కూడా మారింది. అంటే మీరు 22.04 నుంచి 24.04కి వెళ్తే కెర్నల్, ఫర్మ్‌వేర్‌తో (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) పాటు సౌండ్ సర్వర్ కూడా మారిపోయినట్టే. ఇంతకంటే థియరీ మనకి అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వైర్ ఉన్న హెడ్‌ఫోన్ ఒకటి, మామూలుదైనా చాలు. బ్లూటూత్‌ది వద్దు, దాని గొడవ వేరే
- ఇంటర్నెట్ కనెక్షన్, సూడో పాస్‌వర్డ్ (అడ్మిన్ కమాండ్లకి అడిగే మీ లాగిన్ పాస్‌వర్డే)
- కుదిరితే 24.04 లైవ్ పెన్‌డ్రైవ్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటుని నడిపి చూసేది
- ఒక కాగితం, పెన్ను. ఏం మార్చారో ప్రతిదీ రాసుకోండి, ఎందుకంటే పని చేయకపోతే దాన్ని వెనక్కి తిప్పాలి కదా

ఇంకో సంగతి, కమాండ్లని ఇక్కడ తెలుగులో పలికినట్టు రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, గీతలు, చుక్కలు, అంకెలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే. తికమక అయ్యే పేర్లకి అక్షరాలు విడదీసి చెప్తాను.

స్టెప్ 1: పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి

రీస్టార్ట్ కాదు, షట్‌డౌన్. ఛార్జర్ తీసేసి ఒక నిమిషం ఆగి ఆన్ చెయ్యండి. విండోస్ కూడా అదే మెషీన్‌లో ఉంటే దాంట్లో ఫాస్ట్ స్టార్టప్ ఆప్షన్ ఆఫ్ చేసి రండి, అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సౌండ్ చిప్‌ని ఒక స్థితిలో వదిలేసి పోతుంది, తర్వాత లినక్స్ వచ్చి లేపినా లేవదు. డ్యూయల్ బూట్ వాళ్లు ఈ స్టెప్ వదిలేయొద్దు.

స్టెప్ 2: సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ పేరు చూడండి

సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ డివైస్ దగ్గర ఏ పేరు ఉందో చదవండి. మిగతా దారి అంతా ఈ ఒక్క పేరు మీద ఆధారపడి ఉంటుంది.

‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఉంటే పైప్‌వైర్‌కి సౌండ్ కార్డ్ దొరకలేదని అర్థం. మీరు 3, 4 వదిలేసి నేరుగా స్టెప్ 5కి వెళ్లండి.

‘హెచ్‌డిఎంఐ’ అని ఉంటే సౌండ్ మీ మానిటర్‌కో టీవీకో పోతోంది, చాలా మానిటర్లకి స్పీకర్లే ఉండవు కాబట్టి మనకి నిశ్శబ్దంగా కనిపిస్తుంది. లిస్ట్‌లోంచి ‘స్పీకర్స్’ ఎంచుకుని పక్కన టెస్ట్ బటన్ నొక్కండి, ఎడమ, కుడి వేర్వేరుగా వినిపించాలి. అప్‌గ్రేడ్‌లో పాత డిఫాల్ట్ పోయి హెచ్‌డిఎంఐ పైకి రావడం చాలా మామూలు, డెస్క్‌టాప్ వాళ్లలో చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది.

‘స్పీకర్స్’ అనే ఉండి, వాల్యూమ్ ఫుల్ ఉండి కూడా రాకపోతే స్టెప్ 3.

స్టెప్ 3: పావుకంట్రోల్ పెట్టి బార్ కదులుతోందా చూడండి

‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పావుకంట్రోల్’ కొట్టండి. పి, ఏ, వి, యు, ఆ వెంటనే కంట్రోల్, మధ్యలో ఖాళీ లేదు. దీని పూర్తి పేరు పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అయినా పైప్‌వైర్‌తో కూడా బాగా పని చేస్తుంది, భయం లేదు.

ఏదైనా పాట పెట్టి ఆపకుండా ప్లే అవుతూ ఉండగా దీన్ని తెరవండి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ బ్రౌజర్ పేరు కింద ఒక బార్ అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. ఊగట్లేదంటే తప్పు యాప్‌లో ఉంది, ట్యాబ్ మ్యూట్‌లో ఉందేమో, ప్లేయర్‌లో వాల్యూమ్ సున్నా ఉందేమో చూడండి. ఇక్కడ ఊగుతోందంటే అవుట్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌కి వెళ్లండి, అక్కడ కూడా బార్ ఊగుతోందా? ఊగుతున్నా చెవికి వినపడట్లేదంటే సర్వర్ తన పని తాను చేస్తోంది, కింద అల్సాలో ఏదో మూసుకుపోయింది, స్టెప్ 4 మీ కోసమే.

అదే ట్యాబ్‌లో పోర్ట్ అనే చోట ‘హెడ్‌ఫోన్స్’ ఉంటే ‘స్పీకర్స్’కి మార్చండి. చివరి ట్యాబ్ కాన్ఫిగరేషన్‌లో ప్రొఫైల్ ‘ఆఫ్’ అని ఉండకూడదు, మామూలు ల్యాప్‌టాప్‌కి ‘అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్’ సరిపోతుంది. ‘ప్రో ఆడియో’ అని కనిపిస్తే పేరు చూసి ముచ్చటపడి పెట్టకండి, అది రికార్డింగ్ పని చేసేవాళ్లకి, అది పెడితే పోర్ట్ మార్చుకునే సౌకర్యం పోతుంది.

స్టెప్ 4: అల్సామిక్సర్‌లో ఎం ఎం వెతకండి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

టెర్మినల్‌లో ‘అల్సామిక్సర్’ కొట్టండి. తెరవగానే ఒకే ఒక్క మాస్టర్ గడి కనిపిస్తుంది, నిండుగా ఉంటుంది, అది చూసి ‘అంతా బాగానే ఉందే’ అని మూసేస్తారు. అది అసలు కార్డ్ కాదు, పైప్‌వైర్ చూపించే బొమ్మ మాత్రమే. ఎఫ్6 నొక్కితే కార్డుల లిస్ట్ వస్తుంది, అందులో ‘హెచ్‌డిఎ ఇంటెల్ పిసిహెచ్’ అనో ‘ఎస్ఓఎఫ్’తో మొదలయ్యే పేరో ఉంటుంది, ఏఎండీ మెషీన్లలో ‘హెచ్‌డి-ఆడియో జెనెరిక్’ లాంటిది, దాన్ని ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్6 నొక్కితే వెలుతురు తగ్గడమో ఇంకేదో అయితే ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కండి.

ఇప్పుడు వరసగా చాలా గడులు వస్తాయి. మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం. ప్రతి గడి కింద చిన్న పెట్టెలో రెండు అక్షరాలు ఉంటాయి. రెండు సున్నాల్లా ‘ఓ ఓ’ అని ఆకుపచ్చగా ఉంటే తెరిచి ఉన్నట్టు, ‘ఎం ఎం’ అని ఉంటే మ్యూట్. బాణం కీలతో ఆ గడి మీదకి వెళ్లి ఎం కీ ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది, పై బాణంతో వాల్యూమ్ పెంచండి.

మా అత్తయ్య పొద్దున్నే భక్తి పాటలు పెట్టుకునే పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. అప్‌గ్రేడ్ అయిన మర్నాటి నుంచి స్పీకర్ మూగబోయింది. దగ్గర్లో రిపేర్ షాపుకి తీసుకెళ్తే సౌండ్ చిప్ పోయింది, బోర్డ్ మార్చాలి, 3500 అవుతుందన్నారంట. నేను పండక్కి వెళ్లినప్పుడు తెరిచి చూస్తే మాస్టర్ ‘ఓ ఓ’, హెడ్‌ఫోన్ ‘ఓ ఓ’, స్పీకర్ మాత్రం ‘ఎం ఎం’, వాల్యూమ్ సున్నా. ఎం నొక్కి పై బాణం నొక్కి పట్టుకున్నాను, గడి కింద నుంచి పైకి రంగులతో నిండుతుండగానే వెనకాల ప్లే అవుతున్న పాట వంటింట్లోకి వినపడింది, ఆవిడ గరిట చేతిలో పట్టుకునే బయటికి వచ్చేశారు. చెడిపోయిన వస్తువేదీ లేదు. దయచేసి డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క స్క్రీన్ చూడండి.

ఇదే స్క్రీన్‌లో కుడివైపు చివర ‘ఆటో-మ్యూట్’ అనే గడి ఉంటుంది. హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్‌ని ఆపేది ఇదే. హెడ్‌ఫోన్ లేకపోయినా ఉందనుకుంటూ ఉంటే స్పీకర్ రాదు. దాన్ని డిసేబుల్డ్‌కి మార్చి చూడండి, సౌండ్ వచ్చేస్తే తప్పు జాక్‌లో ఉంది, హెడ్‌ఫోన్ పిన్ను రెండు మూడుసార్లు గుచ్చి తీయండి, లోపల దుమ్ము ఉంటే ఊదండి, తర్వాత ఆటో-మ్యూట్ మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

ఎస్కేప్ నొక్కి బయటికి వచ్చి, ‘సూడో అల్సాసిటిఎల్ స్టోర్’ కొట్టండి, అప్పుడే రీస్టార్ట్ తర్వాత కూడా నిలుస్తుంది. ఇది మర్చిపోయి ‘రోజూ పొద్దున మళ్లీ మ్యూట్ అవుతోంది’ అనే వాళ్లు ఉన్నారు.

చెక్ చేసుకోవడానికి: ‘స్పీకర్-టెస్ట్ -సి 2 -టి వేవ్’ కొట్టండి. మొదటి మాట స్పీకర్, హైఫన్, టెస్ట్. సి, టి, రెండూ ఒక్కొక్క అక్షరమే, చివరి మాట డబ్ల్యు, ఏ, వి. ఒక ఆడగొంతు ఎడమ స్పీకర్‌లో ‘ఫ్రంట్ లెఫ్ట్’ అని, కుడి దాంట్లో ‘ఫ్రంట్ రైట్’ అని చెప్పాలి. ఆపడానికి కంట్రోల్, సి.

స్టెప్ 5: డమ్మీ అవుట్‌పుట్ ఉన్నవాళ్లకి

ముందు సర్వర్‌ని ఒకసారి లేపి చూడండి. ‘సిస్టమ్‌సిటిఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్’. దీని ముందు సూడో పెట్టకూడదు, ఇవి మీ లాగిన్ కింద నడిచే సర్వీసులు, సూడో పెడితే రూట్ అనే అడ్మిన్ అకౌంట్ దగ్గర వెతుకుతుంది, ఎర్రర్ ఇస్తుంది. ఇది చాలామంది చేసే తప్పు.

తర్వాత ‘ఏప్లే -ఎల్’ కొట్టండి. ఏ, ఆ వెంటనే ప్లే, ఒకే మాట. ఇప్పుడు రెండు దారులు.

5అ. లిస్ట్‌లో కార్డ్ కనిపించింది. అంటే కెర్నల్‌కి కార్డ్ తెలుసు, సర్వర్‌కి అందట్లేదు. ఎవరో మధ్యలో పట్టుకుని కూర్చున్నారు. ‘ఫ్యూజర్ -వి /డెవ్/ఎస్ఎన్‌డి/*’ కొడితే కార్డ్‌ని ఎవరు వాడుతున్నారో పేర్లు వస్తాయి, ముందు మాట ఎఫ్, యు, ఎస్, ఇ, ఆర్. ‘టిమిడిటీ’ కనిపిస్తే ‘సూడో ఆప్ట్ రిమూవ్ టిమిడిటీ-డెమన్’ చేసి రీస్టార్ట్ చెయ్యండి. డెమన్ స్పెల్లింగ్ డి, ఏ, ఇ, ఎం, ఓ, ఎన్. ‘పల్స్ఆడియో’ కనిపిస్తే పాత సర్వర్ ఇంకా పోలేదన్నమాట, ‘సిస్టమ్‌సిటిఎల్ --యూజర్ --నౌ డిసేబుల్ పల్స్ఆడియో.సర్వీస్ పల్స్ఆడియో.సాకెట్’ కొట్టి, ‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైప్‌వైర్-ఆడియో’ చేసి, లాగౌట్ అయి లోపలికి రండి.

చెక్: ‘పిఏసిటిఎల్ ఇన్ఫో’ కొడితే సర్వర్ నేమ్ దగ్గర ‘పల్స్ఆడియో’ అని రాసి, పక్కన బ్రాకెట్‌లో ‘ఆన్ పైప్‌వైర్ 1.0’ లాంటి వెర్షన్ ఉండాలి. బ్రాకెట్ లేకుండా ఉత్త పల్స్ఆడియో అని ఉంటే పాతదే నడుస్తోంది.

5ఆ. ‘నో సౌండ్‌కార్డ్స్ ఫౌండ్’ అని వచ్చింది. అప్పుడు పైన ఎంత సరిచేసినా లాభం లేదు, కెర్నల్ దగ్గరే తేల్చాలి.

మొదట ‘ఎల్ఎస్‌పిసిఐ -కె’ కొట్టి, వచ్చిన పెద్ద లిస్ట్‌లో ఆడియో అనే పదం ఉన్న చోటు చూడండి. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైన్ ఉందా? లేకపోతే డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ముక్క) ఎక్కలేదు. ఉబుంటులో సౌండ్ డ్రైవర్లు మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి, అప్‌గ్రేడ్ మధ్యలో నెట్ పోయో కరెంట్ పోయో ఆగితే అది సగంలో ఉండిపోతుంది. ‘సూడో డిపికెజి --కాన్ఫిగర్ -ఏ’, తర్వాత ‘సూడో ఆప్ట్ అప్‌డేట్’, ‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-జెనెరిక్’. ఈ చివరిది కెర్నల్‌నీ దాని మాడ్యూల్స్‌నీ జతగా తెస్తుంది. రీస్టార్ట్.

డ్రైవర్ ఉంది, అయినా కార్డ్ లేదు అంటే ఎక్కువగా ఫర్మ్‌వేర్. ఈమధ్య ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా మూత దగ్గర డిజిటల్ మైక్ ఉన్నవాటిలో సౌండ్‌కి ఎస్ఓఎఫ్ అనే ఫర్మ్‌వేర్ కావాలి. ‘సూడో డిమెసెజ్’ కొట్టి అందులో ఎస్ఓఎఫ్ అని ఉన్న లైన్ల పక్కన ఎర్రర్ ఉందేమో చూడండి, ఈ కమాండ్ అక్షరాలు డి, ఎం, ఇ, ఎస్, జి. ఉంటే ‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లినక్స్-ఫర్మ్‌వేర్ ఫర్మ్‌వేర్-ఎస్ఓఎఫ్-సైన్డ్ అల్సా-యుసిఎం-కాన్ఫ్’.

డెబియన్ వాళ్లు ఇక్కడ ఆగండి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌లు ‘నాన్-ఫ్రీ’లోంచి తీసి ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే కొత్త విభాగంలో పెట్టారు. మీ సోర్సెస్ లిస్ట్‌లో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో ఆప్ట్‌కి చెప్పే ఫైల్) పాత పేరు ఒక్కటే ఉంటే కెర్నల్ కొత్తది వస్తుంది, ఫర్మ్‌వేర్ పాతదే మిగిలిపోతుంది. ఆ కొత్త పేరు లైన్ చివర కలిపి ఆప్ట్ అప్‌డేట్ చేశాక పై కమాండ్ కొట్టండి, లినక్స్-ఫర్మ్‌వేర్ అనే పేరు మాత్రం తీసేయండి, డెబియన్‌లో ఆ పేరుతో ప్యాకేజీ లేదు.

ఇంకా రాలేదా? పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడండి. ఆన్ అవుతుండగా ఎస్కేప్ నొక్కితే ఏ కెర్నల్‌తో బూట్ అవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది, పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత నంబర్ ఎంచుకోండి. దాంతో సౌండ్ వచ్చిందంటే మీ హార్డ్‌వేర్ బాగానే ఉంది, కొత్త కెర్నల్‌తోనే ఇబ్బంది, సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా పాతదాంట్లో పని నడుపుకోండి. అందుకే చెప్తున్నా, సౌండ్ తేలేదాకా ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ అస్సలు కొట్టొద్దు, అది పాత కెర్నళ్లని తీసేస్తుంది, అప్పుడు పోల్చి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

లైవ్ పెన్‌డ్రైవ్ కూడా ఇందుకే తెచ్చుకోమన్నాను. దాంతో బూట్ చేసి ‘ట్రై’ ఎంచుకుని పాట పెట్టండి. అక్కడ వస్తే మీ ఇన్‌స్టాలేషన్‌లో ఏదో పాత సామాను అడ్డుపడుతోంది. అక్కడా రాకపోతే 24.04కే మీ చిప్‌తో ఇబ్బంది ఉందని.

ఇంటెల్ మెషీన్‌కి ఆఖరి ప్రయత్నం ఒకటుంది. గ్రబ్ మెనూలో ఇ నొక్కి, ‘లినక్స్’తో మొదలయ్యే లైన్ చివర ఒక ఖాళీ ఇచ్చి ‘ఎస్ఎన్‌డి_ఇంటెల్_డిఎస్‌పిసిఎఫ్‌జి.డిఎస్‌పి_డ్రైవర్=1’ అని కలిపి ఎఫ్10 నొక్కండి. ఇది ఎస్ఓఎఫ్‌ని పక్కనపెట్టి పాత డ్రైవర్‌ని వాడమని చెప్పడం. ఈ ఒక్క బూట్‌కే పని చేస్తుంది కాబట్టి ప్రమాదం లేదు, రీస్టార్ట్ చేస్తే పోతుంది. స్పీకర్ వచ్చినా లోపలి డిజిటల్ మైక్ పని చేయదు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకో మీటింగులకో మైక్ కావాలంటే ఇది మీకు పరిష్కారం కాదు.

స్టెప్ 6: మీ అకౌంట్‌లోనే తేడా ఉందేమో

సెట్టింగ్స్‌లో కొత్త యూజర్‌ని సృష్టించి దాంట్లో లాగిన్ అవ్వండి. అక్కడ సౌండ్ బాగుంటే మీ హోమ్ ఫోల్డర్‌లో పాత సెట్టింగులు అడ్డం. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే దాగున్న ఫోల్డర్లు కనిపిస్తాయి. ‘.కాన్ఫిగ్’ లోపల ‘పల్స్’, ‘.లోకల్’ లోపల ‘స్టేట్’లో ‘వైర్‌ప్లంబర్’, ఈ రెండింటి పేర్ల చివర ‘పాత’ అనో ఇంకేదో కలపండి, లాగౌట్ అయి రండి, కొత్తవి వాటంతట అవే తయారవుతాయి. డిలీట్ చెయ్యకండి, పేరు మారిస్తే చాలు, తేడా వస్తే మళ్లీ పాత పేరు పెట్టుకోవచ్చు.

సౌండ్ వస్తోంది కానీ సరిగ్గా రావట్లేదంటే

చిటపటలాడుతుంటే ‘పిడబ్ల్యు-టాప్’ తెరిచి పాట ప్లే చెయ్యండి. ‘ఈఆర్ఆర్’ అనే కాలమ్‌లో అంకె పెరుగుతూ ఉంటే మెషీన్ సమయానికి సౌండ్‌ని అందించలేకపోతోంది. ‘పిడబ్ల్యు-మెటాడేటా -ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్.ఫోర్స్-క్వాంటమ్ 2048’ కొట్టి చూడండి, చిటపట తగ్గితే కారణం అదే. ఇది తాత్కాలికమే, చివర 2048 బదులు 0 పెట్టి మళ్లీ కొడితే ఎప్పటిలా అవుతుంది.

బ్లూటూత్ కనెక్ట్ అవుతుంది, సౌండ్ డివైస్‌గా కనిపించదు అంటే ‘లిబ్‌ఎస్‌పిఎ-0.2-బ్లూటూత్’ ప్యాకేజీ లేదేమో చూడండి, పెట్టాక డివైస్‌ని రిమూవ్ చేసి మళ్లీ జత చెయ్యండి. పాట టెలిఫోన్‌లోలా వినిపిస్తుంటే పావుకంట్రోల్ కాన్ఫిగరేషన్‌లో ప్రొఫైల్ కాల్స్ కోసం ఉండే హెచ్ఎఫ్‌పిలో ఉంది, పాటల కోసం ఉండే ఏ2డిపికి మార్చండి. మైక్ వాడే మీటింగ్ జరుగుతుండగా మాత్రం అలాగే ఉంటుంది, అది చెడిపోవడం కాదు.

మైక్ పని చేయకపోతే అల్సామిక్సర్‌లోనే అసలు కార్డ్ ఎంచుకుని ఎఫ్4 నొక్కితే క్యాప్చర్ గడులు వస్తాయి, స్పేస్ నొక్కి ఆన్ చెయ్యండి. ‘ఏరికార్డ్ -డి 5 -ఎఫ్ సిడి టెస్ట్.వేవ్’ కొట్టి ఐదు సెకన్లు మాట్లాడి, ‘ఏప్లే టెస్ట్.వేవ్’తో వినండి. వేవ్ ఇక్కడా డబ్ల్యు, ఏ, వి. మీ గొంతు వినిపిస్తే మైక్ బాగుంది, ఇక బ్రౌజర్‌లో పర్మిషన్ ఒక్కటే చూడాలి.

చేయకూడనివి

పైప్‌వైర్ నచ్చలేదని దాని మీద పల్స్ఆడియోని మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడం, రెండూ కొట్టుకుంటాయి. 2012 నాటి సలహా చూసి అల్సా సోర్స్ డౌన్‌లోడ్ చేసి కంపైల్ చెయ్యడం, డ్రైవర్ కెర్నల్‌తోనే వస్తుంది కాబట్టి అది ఇప్పుడు అనవసరం. ‘సూడో పావుకంట్రోల్’ అని కొట్టడం, ఇది కూడా మీ లాగిన్ కింద నడిచే సర్వర్‌తోనే పని చేస్తుంది, సూడో అక్కర్లేదు. ఒకేసారి నాలుగు మార్పులు చేసి రీస్టార్ట్ చెయ్యడం, సౌండ్ వచ్చినా ఏది పని చేసిందో తెలియదు, వచ్చే అప్‌డేట్‌కి పోతే మళ్లీ మొదటికొస్తారు.

అయిందని ఎప్పుడనుకోవాలి

ఒకసారి పాట వినపడగానే లేచిపోకండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేశాక వస్తోందా, మూత మూసి స్లీప్‌లోంచి లేచాక వస్తోందా, హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ ఆగి, తీస్తే మళ్లీ మొదలవుతోందా, హెచ్‌డిఎంఐ వైర్ పెట్టి తీశాక స్పీకర్‌కి తిరిగి వస్తోందా. ఈ నాలుగూ దాటితే అప్పుడు ఆటోరిమూవ్ కొట్టుకోవచ్చు.

అన్నీ చూసినా రాకపోతే ఇంకొకరిని అడిగేటప్పుడు ‘సౌండ్ రావట్లేదు’ అని మాత్రమే రాయకండి. ‘అల్సా-ఇన్ఫో --నో-అప్‌లోడ్’ కొడితే ఒక ఫైల్ తయారవుతుంది, దాంతో పాటు ‘యునేమ్ -ఆర్’లో వచ్చిన కెర్నల్ నంబర్, ల్యాప్‌టాప్ మోడల్, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి వెళ్లారు, పై స్టెప్పుల్లో ఎక్కడ ఆగింది, లైవ్ పెన్‌డ్రైవ్‌లో వచ్చిందా లేదా, ఇవన్నీ మీ కాగితం చూసి రాయండి. ఫైల్ పంపే ముందు తెరిచి మీ కంప్యూటర్ పేరు లాంటివి కనిపిస్తే తీసేయండి.